చేతి లూజుకి రెండు గళ్లు

నెల్లిమర్ల వైపు నుంచి ఒక పెద్దావిడ మా షాపుకి వచ్చేది. ఆది జాకెట్టు బల్ల మీద పెట్టి, పక్కన ఎవరైనా ఉన్నారేమో చూసుకుని, "ఓలమ్మా, కుడిసెయ్యి ఒక్కటీ కాసింత లూజు సెయ్యవా" అనేది. లోపల వదిలిన గుడ్డలోంచి అర అంగుళం విప్పి ఇచ్చేదాన్ని. నాలుగు నెలలకి మళ్లీ వచ్చేది, మళ్లీ అర అంగుళం. లోపల గుడ్డ అయిపోయాక చంక దగ్గర ముక్క అతికాను. ఆవిడకి రొమ్ము ఆపరేషన్ అయిందని నాకు తెలుసు. ఆ వైపు జాకెట్టు లోపల దూది కప్పు పెట్టి కుట్టింది నేనే. అయినా చెయ్యి ఎందుకు లావవుతోందని రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. 2017, 18 నాటి మాట ఇది. తర్వాత వాళ్లబ్బాయి దగ్గరకి వేరే ఊరు వెళ్లిపోయారని విన్నాను.

ఆవిడ ఫోన్ నంబరు నా దగ్గర లేదు. ఉంటే ఈ రాసేదంతా ఆవిడకే చెప్పేదాన్ని.

నేను విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక సందులో ఇరవయ్యారేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. 2021 మార్చిలో విశాఖలో నాకు కుడి రొమ్ము తీసేశారు. చంకలోంచి 17 లింఫు గడ్డలు (ఒంట్లో ఊరే నీటిని వడకట్టే గింజల్లాంటివి) తీస్తే నాలుగింట్లో జబ్బు ఉంది. కీమో అయింది, తర్వాత రేడియేషన్ 15 రోజులు అయింది. ఆ సంగతులు ఇప్పటికే చాలామంది రాశారు, నేను మళ్లీ రాయను. ఇంటికి పంపేటప్పుడు "కుడిచెయ్యి జాగ్రత్తమ్మా" అన్నారు. బరువులు ఎత్తకూడదని చెబుతున్నారనుకున్నాను.

మా ఊళ్లో దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. మాకు ఏడాదికి సరిపడా పని ఆ నెలలోనే ఉంటుంది. 2022లో ఆ నెలంతా రాత్రి పన్నెండింటి దాకా మిషను మీదే ఉన్నాను. ఒక సాయంత్రం జాకెట్టు విప్పితే కుడి జబ్బ మీద చేతి అంచు గీత లోతుగా పడి ఉంది, ఎడమవైపు లేదు. పడుకుని లేచేసరికి పోయింది. మర్నాడు సాయంత్రానికి మళ్లీ వచ్చింది. పొద్దున్నకి మళ్లీ మామూలే. అప్పుడు నేనేం చేశానంటే, నా జాకెట్టు కుట్టు విప్పి అర అంగుళం లూజు చేసుకున్నాను.

ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది. ఈ వాపుని లింఫెడీమా అంటారట, పొద్దున్నకి తగ్గిపోతున్నప్పుడే పట్టుకోవాలి. చెయ్యి పైకి పెట్టుకుంటే దిగిపోతుందంటే లోపల ఉన్నది ఇంకా నీరే అని అర్థం. నెలలు గడిచేకొద్దీ ఆ నీరున్న చోటు గట్టిపడుతుంది. రక్తనాళాల్లోంచి కణాల మధ్యలోకి ఊరిన నీరు, అందులోని మాంసకృత్తులు వెనక్కి వెళ్లే ముఖ్యమైన దారి లింఫు నాళాలే. చేతిలోంచి వచ్చే ఆ నాళాలు ఎక్కువగా చంకలోని గడ్డల మీదుగానే పోతాయి. గడ్డలు తీసేసి, ఆ చోట రేడియేషన్ ఇస్తే దారి ఇరుకైపోతుంది. మాంసకృత్తులు అక్కడే నిలిచిపోయి ఇంకా నీటిని లాక్కుంటాయి, చర్మం కింద పొర మందమవుతుంది, కొవ్వు చేరుతుంది. వేలితో నొక్కితే మొదట గుంట పడే చెయ్యి తర్వాత తర్వాత గుంట కూడా పడదు. అందరికీ రాదు. గడ్డలు ఎక్కువ తీసినవాళ్లకీ, చంకకి రేడియేషన్ ఇచ్చినవాళ్లకీ, ఒళ్లు ఎక్కువ ఉన్నవాళ్లకీ వచ్చే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ అయిన నెలలకీ రావచ్చు, ఏళ్లకీ రావచ్చు. నాకు ఏడాదిన్నరకి వచ్చింది.

నవంబరుకి పొద్దున్న కూడా తగ్గడం మానేసింది. కత్తెర పట్టుకుంటే బరువు, వేళ్లు మడిస్తే బిర్రు. మా వదిన, అంటే మా ఆయన అప్ప, చూసి "ఇది బోదే, ఇంకేటి కాదు. గవర్నమెంటు మాత్రలు మింగేస్తే ఒగ్గీసి పోద్ది" అంది. మా వైపు చెయ్యి వాచినా కాలు వాచినా మొదట వచ్చే మాట అదే, అందులో తప్పు లేదు. చీపురుపల్లి దగ్గర మా కన్నవారి ఊళ్లో మా మామ్మకి ఎడంకాలు బోద. నా చిన్నప్పుడు రాత్రి భోజనాలయ్యాక హెల్తు డిపార్టుమెంటు వాళ్లు లాంతరు పట్టుకుని వచ్చి వేలు పొడిచి గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకెళ్లేవారు. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి కాబట్టి అప్పుడు వచ్చేవారని పెద్దయ్యాక తెలిసింది. తర్వాత్తర్వాత డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఇంటింటికీ తెచ్చి ఎదురుగా మింగించేవారు. అవి పురుగుకి మందు. నా చేతిలో పురుగు లేదు. కానీ చెడిపోయిన దారి మాత్రం రెండింట్లోనూ ఒకటే. మామ్మ కాలిలో దోమ మోసుకొచ్చిన పురుగు లింఫు నాళాల్లో కాపురం పెట్టి పాడుచేసింది, నా చంకలో ప్రాణం కాపాడిన కత్తీ రేడియేషనూ పాడుచేశాయి. మామ్మ నాట్లకి వెళ్లే ముందు పాత చీర పీలికలు పాదం నుంచి మోకాలి దాకా బిగించి చుట్టుకునేది. "సుట్టుకుంటే తేలిగ్గుంటాదే గుంటా" అనేది. ఎవరూ చెప్పకుండానే ఆవిడకి సగం వైద్యం తెలిసిపోయింది.

ఆ మిగతా సగం నాకు తెలియడానికి ఇంకా మూడు నెలలు పట్టింది. ఒక డాక్టరు నీరు పోయే మాత్రలు రాశారు. పదిరోజులు ఒంటేలుకి తిరిగి తిరిగి నీరసపడ్డాను తప్ప చెయ్యి ఇసుమంత తగ్గలేదు. ఆ మాత్రలు ఒంట్లో నీటిని లాగుతాయి గానీ చేతిలో నిలిచిన మాంసకృత్తుల్ని కదపలేవు. తర్వాత మందుల షాపులో ఒక సాగే తొడుగు కొన్నాను. చిన్నది, మధ్యది, పెద్దది అని మూడు సైజులు చూపించారు, నేను మధ్యది తీసుకున్నాను. కొలత తీసుకోకుండా బట్ట వేసుకోవద్దని ఊరందరికీ చెప్పే మనిషిని నేను! అది మణికట్టు దగ్గర ఆగిపోయింది. పైన జబ్బ దగ్గర చుట్టుకుపోయి తాడులా కోసింది. పొడుగెక్కువైందని పై అంచు మడిచిపెట్టుకున్నాను, దాంతో అక్కడ నొక్కు రెట్టింపయింది. నీరు కిందకి దిగి అరచెయ్యి వెనక భాగం బన్నులా పొంగింది. నాలుగో రోజుకి ఉంగరం వేలికి ఇరుక్కుపోతే కంసాలి దగ్గర కోయించుకున్నాను.

జనవరిలో విశాఖలో మా కేన్సరు డాక్టరు గారికి చూపించాను. ఆయన ముందు కట్టు మాట ఎత్తలేదు. జబ్బు మళ్లీ తిరగబెట్టి చంకలో గడ్డ అడ్డుపడిందేమో చూశారు, రక్తనాళంలో గడ్డకట్టిందేమో డాప్లర్ స్కాన్ తీయించారు. గుండె సంగతి అడిగారు. ఇవన్నీ లేవని తేలాకే ఫిజియోథెరపిస్టు దగ్గరకి పంపారు. ఈ వరస మాత్రం ఎవరూ తప్పకండి. ఉన్నట్టుండి చెయ్యి వాస్తే, నొప్పిగా ఉంటే, రంగు మారితే ముందు డాక్టరు చూడాలి, తొడుగు సంగతి తర్వాత.

ఆ ఫిజియో అమ్మాయి మా పెద్దమ్మాయి కంటే ఒకటి రెండేళ్లు పెద్దది అంతే. బల్ల మీద చెయ్యి చాపమని, జేబులోంచి టేపు తీసింది. నా మెడలో ఇరవయ్యారేళ్లు వేలాడిన అదే పసుపు టేపు! దాన్ని తిరగేసి రెండో వైపు పెట్టింది. మేం అంగుళాల వాళ్లం, సెంటీమీటర్ల వైపు ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు. వేళ్ల మొదట్లో ఒకటి, మణికట్టు దగ్గర ఒకటి, అక్కణ్ణించి ప్రతి 4 సెంటీమీటర్లకీ పెన్నుతో చుక్క పెట్టి రెండు చేతులూ కొలిచింది. టేపు చర్మానికి ఆనాలి గానీ గుంట పడకూడదంది. అది నాకు చెప్పక్కర్లేదు. మోచేతి కింద కుడికీ ఎడమకీ 4.3 సెంటీమీటర్ల తేడా వచ్చింది. 2 దాటితే వాపుగా లెక్కపెట్టడం చాలాచోట్ల వాడుకట. పనిచేసే చెయ్యి కొంచెం లావుగా ఉండడం మామూలే, నాదంతా ఆ మామూలు ఖాతాలో వేసి సరిపెట్టుకున్నాను.

తర్వాత మూడు వారాలు, వారానికి అయిదు రోజులు, పొద్దున్న రైలుకి విశాఖ వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చేదాన్ని. ముందు మర్దన. మర్దన అంటే మన నలుగు పెట్టినట్టు గట్టిగా కాదు, పసిపిల్ల బుగ్గ మీద చెయ్యి వేసినంత తేలిక. అదీ చేతి మీద మొదలుపెట్టదు. మెడ దగ్గర, పొట్ట దగ్గర, రెండో చంక దగ్గర ముందు దారులు తెరిచి, తర్వాతే చేతి నీటిని అటు తోస్తుంది. చెరువు నీరు వదిలే ముందు కింద కాలవ బాగు చేసుకున్నట్టు.

ఆపైన కట్టు. దీన్ని కళ్లార్పకుండా చూశాను, ఎందుకంటే అది పూర్తిగా నా పనే. మెత్తటి గొట్టంలాంటి బట్ట ముందు తొడిగింది. ఒక్కో వేలికీ సన్నటి పట్టీ చుట్టింది. మీద దూది పొర వేసింది. అరచేతి గుంటలో, మోచేతి మడతలో నురుగు ముక్కలు పెట్టి చెయ్యంతా ఒక్క గుండ్రంగా తెచ్చింది. అప్పుడు అసలు పట్టీలు, చేతికి 6 సెంటీమీటర్ల వెడల్పుది, పైకి వెళ్లేకొద్దీ 8, 10. అన్నీ ఒకే బిగువుతో చుట్టింది. అదేమిటి, కింద బిగువు పైన వదులు ఉండాలన్నావు కదమ్మా అని అడిగాను. ఒకే బిగువుతో చుట్టినా సన్నగా ఉన్నచోట ఎక్కువ నొక్కు పడుతుంది, లావుగా ఉన్నచోట తక్కువ పడుతుంది అంది. ఇంటికొచ్చి చీపురు కర్రకీ బిందెకీ అదే పట్టీ చుట్టి వేలు దూర్చి చూశాను. నిజమే.

ఆ పట్టీలు చూడ్డానికి మామూలు క్రేపు పట్టీల్లాగే ఉంటాయి గానీ చాలా తక్కువ సాగుతాయి. ఆ తక్కువ సాగడంలోనే మందంతా ఉంది. ఆడవాళ్లకి ఇలా చెబితే ఇట్టే అర్థమవుతుంది. లంగాకి నాడా కట్టుకుంటే ఊరికే కూర్చున్నప్పుడు అది ఉన్నట్టే తెలీదు, వంగినప్పుడూ పొట్ట నిండినప్పుడూ గట్టిగా పట్టుకుంటుంది. ఎలాస్టిక్ అయితే నిద్రలో కూడా నొక్కుతూనే ఉంటుంది. తక్కువ సాగే పట్టీ నాడా లాంటిది. చెయ్యి కదిపితే కండ ఉబ్బి ఆ గట్టి గోడకి కొట్టుకుంటుంది, ఆ ఒత్తిడికి నీరు పైకి జరుగుతుంది. కదపడం ఆపితే వదులవుతుంది. అందుకే కట్టుతో రాత్రి పడుకోగలిగాను. క్రేపు పట్టీ చుట్టుకుని పడుకోకూడదంటారు, కారణం ఇదే. ఇంకో సంగతి, కట్టుకున్నాక చెయ్యి మెడకి వేలాడేసుకుని కూర్చుంటే ఏమీ జరగదు. గుప్పిట మూసి తెరవాలి, మోచెయ్యి మడవాలి, భుజం తిప్పాలి, కడుపు నిండా ఊపిరి పీల్చాలి. వేలి కొసలు నీలంగానో తెల్లగానో మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పుట్టినా అర్ధరాత్రయినా విప్పెయ్యమని చెప్పింది. రెండోరోజు ఒకసారి విప్పాను కూడా.

రైల్లో రోజూ ఎవరో ఒకరు "ఏటమ్మా, సెయ్యిరిగిందా?" అని అడిగేవారు. మొదటి వారం అవునన్నాను. రెండో వారం నుంచి నిజం చెప్పాను. చెప్పిన రోజే బొబ్బిలావిడ ఒకామె పమిట కాస్త జరిపి తన చెయ్యి చూపించింది. మూడేళ్లుగా దాచుకుంటోందట. మా ఫిజియో అమ్మాయి పేరూ బల్ల నంబరూ ఆవిడకి కాగితం మీద రాసిచ్చాను.

మూడు వారాలకి 4.3 కాస్తా 1.7 అయింది. దిగిన చేతికే తొడుగు కొలత తీసుకోవాలి. వాచిన చేతికి కొలిచి కుట్టిస్తే వాపుకి సరిపడా చోటు మనమే ఇచ్చినట్టు, నేను నెల్లిమర్ల పెద్దావిడకి ఇచ్చినట్టు. నాది రెండో తరగతి, అంటే మణికట్టు దగ్గర 23 నుంచి 32 మిల్లీమీటర్ల నొక్కు. బీపీ కొలిచే పాదరసం లెక్కే. పైకి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. పక్కన కుట్టు ఉన్న రకం, నా కొలతలకి అల్లించినది. అరచేతికి బొటనవేలి కన్నంతో వేరే తొడుగు. కుట్టు ఎంత సన్నగా వేశారో లోపలికి తిప్పి చాలాసేపు చూశాను. మోటారు మిషను కోసం దాచిన డబ్బు పెట్టి రెండు జతలు తీసుకున్నాను, ఒకటి ఉతుక్కునేటప్పుడు ఇంకొకటి. రంగు మాత్రం బాగాలేదు. ఒంటిరంగు అని రాసుంది గానీ అది నా ఒంటి రంగు కాదు, మా వీధిలో ఎవరి ఒంటి రంగూ కాదు.

పొద్దున్న లేవగానే, చెయ్యి ఇంకా తేలిగ్గా ఉండగానే తొడుక్కుంటాను. ఎడంచేతికి గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజు వేసుకుని కొంచెం కొంచెంగా పైకి జరుపుకుంటే ముడత పడదు, గోరు తగిలి పోగు తెగదు. రాత్రి తీసేసి, సబ్బుతో కడుక్కుని, వేళ్ల మధ్య తడి లేకుండా తుడుచుకుని కొబ్బరినూనె రాసుకుంటాను. నూనె రాత్రి మాత్రమే. తొడుగు రోజూ ఉతుకుతాను, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి నీడలో ఆరేస్తాను. మే నెల ఉక్కలో చాలా కష్టం. పైన నీళ్లు చల్లుకుంటాను, కాసేపు చల్లగా ఉంటుంది. ఆర్నెల్లకి సాగు పోతుంది, కొత్తది కొనాలి. పాత జాకెట్టు పదేళ్లు దాచుకునే మనకి ఇది మనసొప్పదు, కానీ సాగు పోయిన తొడుగు ఊరికే రంగుబట్ట.

గాజుల సంగతి చెప్పాలి. కుడిచేతికి గాజులు తీసేశాను. మా వదిన మూడు రోజులు మాటాడలేదు. ముత్తయిదువ కుడిచెయ్యి బోసిగా ఉండకూడదని ఆవిడ బాధ, నాకూ బాధే. ఎడంచేతికి రెండు డజన్లు వేసుకుంటున్నాను. గాజు పగిలి గీరుకుంటే ఏమవుతుందో ఆవిడకి చెబితే నమ్మలేదు, 2024 సంక్రాంతికి కళ్లారా చూశాక నమ్మింది.

ఆ పండక్కి ముందు అంగుస్తానా (సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే టోపీ) పెట్టుకోకుండా హుక్కులు కుడుతుంటే సూది వెనక కొస కుడి నడిమివేల్లో దిగింది. మాకది రోజూ ఉండేదే, నోట్లో పెట్టుకుని చప్పరించి ఊరుకున్నాను. మర్నాడు సాయంత్రం చలి, వణుకు, 103 జ్వరం. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి మంట, చూస్తూండగానే పాకింది. మామ్మకి వచ్చే బోదజ్వరం సరిగ్గా ఇలాగే ఉండేది. తెల్లారేదాకా ఆగకుండా ఆటోలో ఆసుపత్రికి వెళ్లాం. రెండు రోజులు సెలైన్లో యాంటీబయాటిక్, ఎడంచేతికి. తర్వాత మాత్రలు పదిరోజులు. ఎరుపూ నొప్పీ తగ్గేదాకా తొడుగు వెయ్యొద్దన్నారు. దారి సరిగ్గా లేని చేతిలో ఇన్ఫెక్షన్ గబగబా పాకుతుంది, పాకిన ప్రతిసారీ మిగిలున్న నాళాలు కూడా కొన్ని పోతాయి. నాకు ఒక సెంటీమీటరు మళ్లీ పెరిగింది, మళ్లీ పదిరోజులు కట్టు కట్టించుకోవాల్సొచ్చింది. ఇప్పుడు అంగుస్తానా లేకుండా సూది ముట్టను. ఇస్త్రీ మా ఆయనే చేస్తాడు. రక్తపరీక్షకీ బీపీకీ ఎడంచెయ్యే చాపుతాను.

పని మానెయ్యమని చాలామంది చెప్పారు. ఫిజియో అమ్మాయి మాత్రం మానొద్దంది. వాపున్న చెయ్యి బరువు ఎత్తకూడదని ఒకప్పుడు అందరూ నమ్మేవారట. 2009లో అమెరికాలో 141 మంది మీద చేసిన పరిశోధనలో తొడుగు వేసుకుని, నేర్పేవాళ్ల దగ్గర మెల్లగా బరువులు పెంచుకుంటూ పోయినవాళ్లకి వాపు పెరగలేదని, పైగా వాపు ఉన్నట్టుండి ముదరడం తగ్గిందని తేలిందట. నేను అర లీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టాను, ఇప్పుడు రెండు కిలోలు. మిషను మీద ముప్పావు గంటకోసారి లేచి చెయ్యి పైకెత్తి పది సార్లు గుప్పిట మూస్తాను. షాపులో ఎవరున్నా సరే.

ఆదివారం ఆదివారం కొలుచుకుంటాను, అదే చుక్కల దగ్గర, అదే వేళకి. మొన్న 1.4 ఉంది. పూర్తిగా పోదని చెప్పారు, నాకు తెలుసు.

నా కొలతల పుస్తకంలో 'చేతి లూజు' అని ఒక్క గడి ఉండేది. కుడిచెయ్యి కొలిచి రెండింటికీ అదే కుట్టేవాళ్లం, ఊళ్లో ఏ టైలరైనా అంతే. కిందటేడు కొత్త పుస్తకం కొన్నప్పుడు స్కేలు పెట్టి ఆ గడిని రెండు చేశాను, కుడి అని, ఎడమ అని. మా సందులో ఇంకో ఇద్దరు టైలర్లకి కూడా చెప్పాను. ఒకామె గీసుకుంది. డాక్టరు చూసేది మూడు నెలలకీ ఆరు నెలలకీ, మేం చూసేది ప్రతి పండక్కీ.

ఈ పొద్దున్న గజపతినగరం నుంచి ఒకావిడ వచ్చింది. రెండు జాకెట్లు తెచ్చింది. ఒకదాని కుడిచెయ్యి అప్పటికే ఎవరో విప్పి లూజు చేసి ఉన్నారు, పాత కుట్టు కన్నాలు కనిపిస్తున్నాయి. కొలిచాను. కుడి 13, ఎడమ 12 పావు. జాకెట్లు పక్కన పెట్టి, "అప్పా, కూకో" అని స్టూలు లాగాను.